బెల్లం ఇంటి బాలింత

మొన్న మనవరాలి కాన్పుకని బీదర్ దవాఖానకు పోయి వచ్చాను. బిడ్డ పుట్టిన మర్నాడు పొద్దున్నే ఒక నర్సమ్మ వచ్చి, బాలింతతో మాట్లాడకముందే మా అందరినీ మంచం చుట్టూ నిలబెట్టింది. "ఈ పిల్ల ముంగట పాలు చాలయి, పాలు రావు అన్న మాట ఎవ్వలు అనొద్దు. తల్లి మనసు మంచిగుండాలె. యాళ్లకింత బువ్వ పెట్టుండ్రి, ధైర్యం చెప్పుండ్రి" అన్నది. వియ్యపురాలు మూతి ముడిచింది. మగవాళ్లు తమ చెప్పుల వంక చూసుకున్నారు. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఈ నాలుగు మాటలు చెప్పే మనిషి ఆనాడు మా ఇంటి గడప తొక్కలేదు. తొక్కినా మా అమ్మ చాయ్ తాగించి పంపేసేదేమో.

మా నాయనది బజార్లో బెల్లం టోకు వ్యాపారం. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెండింటి మధ్య బెల్లం నిలవ పెట్టే గది, బెల్లం అర్ర అనేవాళ్లం. ఇంకా మైసూరు రాష్ట్రమని బోర్డుల మీద ఉన్న రోజులు. హుమ్నాబాద్ వైపు నుంచి లారీల్లో దిగిన బెల్లం ముద్దలు ఎండాకాలం మెత్తబడి, వానాకాలం కారి, ఇల్లంతా తీపి వాసన కొట్టేది. చుట్టాలు ఆ వాసనకు మురిసిపోయేవారు. అందులోనే పుట్టి పెరిగిన నేను మాత్రం ఈనాటికీ చాయ్‌లో బెల్లం వేస్తే గ్లాసు పక్కకు నెట్టేస్తాను. ఇక చీమలంటారా, అవి మా ఇంట్లో కిరాయి కట్టని కిరాయిదార్లు. మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టుకుని పడుకునేవాళ్లం.

ఆ ఇంటికి నిర్ణా నుంచి కోడలై వచ్చింది మా వదిన. రైతు బిడ్డ, నవ్వితే వాకిట్లోకి వినిపించేది. తొలికాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. కానీ మొదటి మనవడు తన చేతుల మీదే పుట్టాలని మా అమ్మ పట్టుబట్టి పంపలేదు. మగపిల్లాడే పుట్టాడు, తొట్టెల పండుగ ఘనంగా చేశాం. వదినకు పాలు ధారగా ఉండేవి. పిల్లాడు తాగి, తల్లి కొంగు పిడికిట పట్టుకుని నిద్రపోయేవాడు. నాకప్పుడు పదేళ్లుంటాయేమో, బడి నుంచి రాగానే వాడి పక్కన చేరేదాన్ని.

వానలు మొదలయ్యాక పిల్లాడు సాయంత్రాలు ఏడుపు లంకించుకున్నాడు. పసిపిల్లలు ఏడుస్తారు, అదేం వింత కాదు. కానీ పక్కింటావిడ వచ్చి "పాలల్ల దోషమున్నదేమో" అని ఒక్క మాట అనిపోయింది. అనుమానం పెనుభూతం. పిల్లాడు మానకుండా ఏడిస్తే తల్లి పాలను చీమలతో పరీక్షించడం మావాళ్లలో ఉండేది. పాలు ఆకులో పిండి చీమల బారు పక్కన పెడతారు. చీమలు మూగితే మంచి పాలు, ముట్టకపోతే చెడ్డ పాలు. మా ఇంట్లో చీమల కోసం వెతకాల్సిన పని లేదు గనక మా అమ్మ ఆకును తీసుకెళ్లి బెల్లం అర్ర గడప దగ్గరే పెట్టింది. కడుపారా బెల్లం తిని బలిసిన చీమలు. అవి ఆకు అంచున ఆగి, వాసన చూసి, తమ దారిన తాము అర్రలోకి పోయాయి. మా అమ్మ తల కొట్టుకుంది.

"అత్తమ్మా, అర్ర నిండ బెల్లమున్నది గద. చీమలు అటే పోతయి. నా పాలేం జేసినయి?" అన్నది వదిన.

"చీమకు తెల్వంది నీకు తెల్సా? నోర్మూసుకో" అన్నది అమ్మ.

వదిన గుమ్మంలో ఉన్న మా అన్న వైపు చూసింది. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు మహానుభావుడు. కాసేపటికి "అమ్మ ఎట్లంటే అట్లనే" అని దుకాణంలోకి జారుకున్నాడు. ఆ ఒక్క ముక్కకు వదిన మొహం ఎలా పాలిపోయిందో చెప్పలేను.

ఆ రోజు నుంచి పిల్లాడికి ఉగ్గుగిన్నెతో ఆవుపాలు, అందులో సగం నీళ్లు. వదిన ఒకసారి దొడ్లో చాటుగా పాలిస్తుంటే అమ్మ చూసి, పిల్లాణ్ని లాక్కుని తన మంచంలోకి మార్చుకుంది. వాడు ఏడ్చినప్పుడల్లా ఇవతల గదిలో వదిన రవిక తడిసిపోయేది. వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. వైద్యుడు వచ్చాడు, మొక్కులు మొక్కారు, దిష్టి తీశారు. పిల్లాణ్ని తల్లికి ఇమ్మని మాత్రం ఒక్కరూ అనలేదు. వానలు వెలవకముందే పిల్లాడు పోయాడు. మా అమ్మ చెడ్డ మనిషి కాదని బంధువులు అంటారు. కావచ్చు. వాడి కోసం గుండెలు బాదుకుని ఏడ్చింది, అబద్ధపు ఏడుపేం కాదు. నాకు మాత్రం ఆ ఏడుపు మీద ఈనాటికీ జాలి కలగదు.

పిల్లాణ్ని తీసుకుపోయిన మర్నాడు కూడా వదినకు పాలు వచ్చాయి. రొమ్ములు గట్టిపడి, జ్వరం వచ్చి మూలిగింది. అవి ఆరిపోవడానికి మా అమ్మ మల్లెపూలు తెప్పించి, గుడ్డలో పరిచి, తన చేతులతోనే కట్టింది. వదిన ఆ చేతులను తోసేయలేదు. "వాడున్నప్పుడు తాగనియ్యకపోతిరి. ఇప్పుడు ఇవి ఎవ్వరికొరకు వస్తున్నయి అత్తమ్మా?" అని మాత్రం అడిగింది. అమ్మ ముడి బిగించి లేచి వెళ్లిపోయింది. తర్వాతి కాన్పులకు వదిన ఎవరినీ అడగకుండా నిర్ణా పోయి, పిల్లలు నడక నేర్చాకే వచ్చేది. అమ్మ పోయింది, అన్న పోయాడు. వదిన ఉంది. కాలం గాయాలు మాన్పుతుందంటారు. మా ఇంట్లో అది చేసిందల్లా, జవాబు చెప్పాల్సిన వాళ్లను ఒక్కొక్కరినే తప్పించడం.