పడిపోయే పెట్రోలు ముల్లు

తొంభైల మధ్యలో ఒక వేసవి సెలవుల్లో, తుప్పు పట్టిన మా పాత కారు డిక్కీని నేనే గీకి, రంగు వేసి, విప్పిన దీపాలనూ వైర్లనూ తిరిగి బిగించాను. భౌతికశాస్త్రం బోధించేవాడికి నాలుగు స్క్రూలు ఒక లెక్కా అనుకున్నాను.

బడులు తెరిచాక, తార్నాకలోని ఇంటి నుంచి నా భార్యను రోజూ యూనివర్సిటీ క్యాంపస్ మీదుగా నల్లకుంటలో ఆమె పాఠాలు చెప్పే బడి దగ్గర దింపేవాణ్ణి. క్యాంపస్‌లో ఒక బస్‌స్టాపు దాటేటప్పుడల్లా పెట్రోలు ముల్లు సగం నుంచి కిందికి జారి, మళ్ళీ లేస్తోందని ఆమె గమనించింది.

“వాడే,” అంది. “ఆగమంటున్నడు.”

వాడంటే ఆమె తమ్ముడు. అక్కడే హాస్టల్లో ఉండి చదివేవాడు. అంతకు ముందటేడు ఆ స్టాపులో, కదులుతున్న బస్సు ఎక్కబోయి జారిపడి చనిపోయాడు.

ఆమెకు తెలియనిది ఒకటుంది. ఆ బస్సుకు ముందు ఆ దారిన వెళ్ళింది నేను. అతడు నన్ను చూసి చెయ్యెత్తాడు. జవాబు పత్రాలు దిద్దడానికి ఆలస్యమవుతోందని, వెనక బస్సు వస్తూనే ఉందని, కారు ఆపలేదు. ఏడాది గడిచినా ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

కాబట్టి ఆ ముల్లు అబద్ధమని తేలడం నాకు చాలా అవసరం. ఫలితంతో అవసరం ఉన్నవాడి పరిశీలనను నమ్మకూడదని తరగతిలో చెప్పేవాణ్ణీ నేనే.

ఒక ఆదివారం ఒంటరిగా వెళ్ళి స్టాపు ముందు కారు నిలిపాను. ఆగేటప్పుడు జారిన ముల్లు, హ్యాండ్‌బ్రేకు వేసి కాలు తీశాక లేచింది. ఇంజను నడుస్తున్నా పావుగంట కదలలేదు. సిమెంటు బల్ల మీద ఎండ తప్ప ఏమీ లేదు. అయినా నేను అటు చూడలేదు. తిరుగుదారిలో తార్నాక సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే ముల్లు పడింది. అక్కడా రోజూ పడుతూనే ఉండాలి. కాని సిగ్నల్ దగ్గర మనం ముందున్న బస్సును చూస్తాం, ముల్లును కాదు.

ఇంటి ముందు ఆమెను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను.

“ప్రయోగాలకు కాలేజీల పిల్లలు దొరకలేదా మీకు? లాలాపేట్ మెకానిక్కుకు ఇయ్యమంటే ఇనకపోతిరి.”

డిక్కీలో తల పెట్టి అన్నాను: “బ్రేకు తొక్కు.”

“తొక్కిన.”

“ముల్లు?”

“పడ్డది.”

ట్యాంకు కొలతకూ వెనక దీపాలకూ కలిపి, కరెంటు కారు రేకులోకి తిరిగి వెళ్ళడానికి ఒకటే ఎర్త్ వైరు. దాన్ని నేను కొత్త రంగు మీదే బిగించాను. కరెంటుకు రేకు సరిగా అందక, బ్రేకు దీపాలు వెలిగినప్పుడల్లా కొలత తప్పుతోంది. ఒక వైరు ముక్కతో ఆ స్క్రూను ఒట్టి రేకుకు కలిపాను.

“ఇప్పుడు?”

“లేస్తున్నది.”

“కాలు తియ్యలేదు గదా?”

“తియ్యలే.”

గరుకు కాగితంతో రంగు గీకుతూ, సంతోషం దాచుకోలేక అన్నాను: “చూసినవా, తప్పు నాది. నీ తమ్మునిది కాదు.”



“అంటే, బ్రేకు తొక్కితేనే పడుతది.”

“అంతే.”

“సిగ్నల్ కాడ అందరు తొక్కుతరు. ఆ స్టాపు కాడ ఏమున్నదని మీరు రోజూ తొక్కుతున్నరు?”

అక్కడ మలుపు లేదు, గతుకు లేదు, అడ్డం వచ్చేవారు లేరు. తొక్కుతున్నానని నాకే తెలియదు. ఆమె కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. దీపాల ఎరుపు నా చేతుల మీద పడుతోంది.

“ఆ రోజు తొక్కలేదు,” అన్నాను.

ఏ రోజని ఆమె అడగలేదు. కొంతసేపటికి చేతుల మీది ఎరుపు పోయింది. కారు తలుపు తెరుచుకున్న చప్పుడు మాత్రం చాలాసేపటి దాకా వినిపించలేదు.