నన్ను సూది పరీక్షకు పట్టుకుపోయిన మా లచ్చవదిన

నిన్న పొద్దున మేనల్లుడు ఫోన్ చేశాడు.
"అత్తా, అవ్వ పోయింది."

"ఫోన్ మీ అవ్వకియ్యి. గిసొంటి పరాచకాలు నాతోనా?" అన్నాను.

వాడు ఏడ్చాడు.
అప్పుడు నమ్మాను.

హార్ట్ ఎటాక్. మొన్నటి దాకా బీడీలు చుట్టిన మనిషి!

వాడు అవ్వ అనేది వాళ్లమ్మను. మా అన్న భార్య, నా లచ్చవదిన. సుల్తానాబాద్ మొత్తంలో నా పరాచకాలకు తిరిగి దెబ్బ కొట్టగలిగింది ఆమె ఒక్కతే.

మా ఇళ్లల్లో పెళ్లి నలుగంటే వదినామరదళ్లకు యుద్ధమే. ఒక పెళ్లిలో నన్ను గోడకు అదిమి జాకెట్లోకి గుప్పెడు పసుపు కుక్కింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

నా రొమ్ములో గడ్డ.

నాకు ముందే తెలుసు. సూది గుచ్చితే గడ్డ ఒళ్లంతా పాకుతుందని మా వాడంతా నమ్మకం. నాదీ అదే. "ఎవ్వలనూ ముట్టనియ్య" అన్నాను. వదిన పసుపు చేతులు దులుపుకుంది.

వారం తిరగకముందే వచ్చింది. "నాకూ గడ్డున్నదే. సూది పరీక్ష రాసిండ్రు. భయమైతుంది, జర తోడు రావే."

కరీంనగర్ దాకా బస్సులో నేనే క్లాసు పీకాను. "సన్న సూదేనట వదినా. చీమ కుట్టినట్టే ఉంటది. గింతదానికి పరేషానా?"

నా గడ్డను పాకించే సూది ఆమె గడ్డను పాకించదా అని అడగకండి. ధైర్యం ఎప్పుడూ పక్కవాళ్లకే చెబుతాం.

లోపలికి పిలిచారు. వదిన నన్ను ముందుకు తోసింది.

"గడ్డ గీమెకు మేడమ్. నాకేం లేదు."

నేను నోరు తెరిచేలోపే, "చీమ కుట్టినట్టేనంటివి గదనే! పండు" అంది.

బస్సులో అంత వాగి, ఇప్పుడు పారిపోతే పరువుంటుందా? పడుకున్నాను. డాక్టరమ్మ సూదితో గడ్డలోంచి కొంచెం లాగి గాజు పలక మీద పూసింది. అంతే. కళ్లు మూసుకున్నది మాత్రం వదిన.

రిజల్ట్ మంచిగా రాలేదు. క్యాన్సరే. కానీ గడ్డ చిన్నది, ఇంకా ఎటూ పాకలేదు. ఆపరేషన్ అయింది, ట్రీట్‌మెంట్ అయింది.

అందుకే ఈ పోస్ట్ రాయడానికి నేనింకా ఉన్నాను.

అమ్మలారా, అక్కలారా, గడ్డ తగిలితే దాచుకోకండి. అన్నీ క్యాన్సర్ కావు, కానీ చూపిస్తేనే తెలుస్తుంది. భయమైతే నాకు ఫోన్ కొట్టండి, తోడు నేనొస్తా. రానంటే అబద్ధం చెప్పైనా తీసుకుపోతా. వదిన డ్యూటీ ఇక నాది.

నిన్న ఆమెకు ఆఖరి స్నానం చేయించి పసుపు నేనే పెట్టాను. మొహం నిండా పూశాను.

ఆమె తిరిగి నాకు పూయలేదు.

నిమ్మళంగా పండు వదినా. ఇక ఏ చీమా కుట్టదు.