నాపరాయి పరీక్ష

నా వీపుసంచిని ఎలుక కొరికింది. ఆ మాట అప్పట్లో ఆఫీసులో చెప్పకుండా, కుట్టు మంచిది కాదన్నాను.

దాన్ని కుట్టింది కడపలో ఒక సాయిబు. కుట్టు గట్టిదని చూపడానికి డేరాగుడ్డ సంచిలో నాపరాయి ముక్కలు వేసి, కొనేవాడి వీపుకు తగిలించి, వీధి చివరిదాకా నడిపించేవాడు. ఆయన సంచులన్నీ మట్టిరంగువే. మంచి రంగు లేదా అని అడిగితే, "సంచిని చూస్తే దొంగకు జాలి పుట్టాలప్పా" అన్నాడు. "తినేది మాత్రం దాంట్లో పెట్టాకు" అని కూడా చెప్పాడు.

వేంపల్లె క్యాంపులో నేను దాంట్లో బెల్లం పెట్టాను. తెల్లారి చూడకుండా తగిలించుకుంటే, ఆఫీసు కాగితాలు దారంతా రాలిపోయాయి. నా మాట నమ్మి, సంచులు కుట్టించుకోవాలనుకున్న గుమాస్తాలంతా మానుకున్నారు. సాయిబు మాత్రం నేను కనబడితే చాలు, "సంచి ఎట్లుండాదప్పా?" అనేవాడు.

"శానా బాగుండాది" అనేవాణ్ణి.

ఆరునెలలకు ఆ గుమాస్తాలందరినీ ఆయన అంగడికి పిలుచుకుపోయాను. అతుకేసిన ఆ సంచిలోనే రాళ్లు నింపి, వీధి చివరిదాకా మోసుకుపోయి వచ్చాను.

సాయిబు నవ్వాడు. "ఎన్నిసార్లు చూస్తావప్పా? ఇంకో రాయి ఎయ్యాల్నా?"

"ఎయ్యి సాయిబూ. కుట్టు ఒక్కటీ తెగలేదు. కొరికింది ఎలుక, అబద్ధమాడింది నేను. తప్పయిపోయింది" అన్నాను, అందరికీ వినబడేట్టు.