తీస్తా ఒడ్డున తెగిన బేరం

దెయ్యాలను నమ్మేంత తీరిక మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా నాన్నది సైకిల్ సామాన్ల కొట్టు. పక్కన బట్టల కొట్టు, ఎదురుగా గిన్నెల కొట్టు, మూల మీద గొడుగులు బాగుచేసే ముసలాయన. అలాంటి చోట పెరిగినవాడికి భయాలు రెండే ఉంటాయి: ఒకటి వాన, రెండోది బంద్. నిజంగా దెయ్యమే వచ్చినా కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఏం కావాలో కనుక్కునే రకం మేము. ఇప్పటికీ దెయ్యాలున్నాయని నేను అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

తొంభైల మొదట్లో సంగతి. నాకు ముప్పై దగ్గరపడుతున్నాయి. తమ్ముడు రాజు నాకంటే ఐదేళ్ళు చిన్న. ఆ ఏడు వానాకాలంలో వాడి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నెలల తరబడి మందులు మింగాక గండం గడిచింది కానీ, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం, గట్టిగా నవ్వితే దగ్గు. చలికాలం కలకత్తా పొగలో ఉంచొద్దని, గాలి మారిస్తే మంచిదని, ఒంటికి మెల్లగా పని చెప్పమని డాక్టరు అన్నాడు.

మంచం మీద పడుకుని రాజు రోజూ ఒక పాత క్యాలెండర్ చూస్తుండేవాడు. అందులో పశ్చిమ సిక్కింలోని ఖెచియోపాల్రి సరస్సు బొమ్మ ఉంది. అక్కడికే వెళ్దామన్నాడు, అదీ సైకిల్ మీద. మేమిద్దరం సైకిల్ నేర్చుకున్నది బంద్ రోజుల్లోనే. బంద్ అనగానే నాన్న తిట్టుకుంటూ షట్టరు దించేవాడు, మేము టైర్లలో గాలి నింపుకునేవాళ్ళం. కలకత్తా రోడ్లు ఖాళీగా దొరికేది ఆ రోజుల్లోనే మరి. వాడికి సెలవంటే సైకిలే.

రోజుకి కొంచెం కొంచెం తొక్కుదాం, ఎక్కుడు వస్తే దిగి నడుద్దాం, ఎక్కడ అలసట అనిపిస్తే అక్కడే ఆగుదాం అని ఒప్పందం చేసుకున్నాం. అమ్మ మాత్రం నన్ను గుమ్మం దగ్గర పట్టుకుంది.

"ఒరే, ఆణ్ణి ఎలాగ అట్టుకెళ్తన్నావో అలాగే అట్టుకురా. ఏటైనా అయ్యిందా, నీ మొహం నాకు సూపించకు."

సైకిళ్ళను రైలు సామాన్ల బోగీలో వేసి శిలిగురి దాకా వెళ్ళాం. అక్కడి నుంచి సేవోక్ మీదుగా తీస్తా లోయలోకి. రాజు తలకి ఆకుపచ్చ మంకీ క్యాప్. బెంగాల్లో పుట్టినవాడికి చలికాలంలో అది తప్పదు. మొదటిరోజు వాడి ప్రతి దగ్గుకీ నేను బ్రేకు వేశాను. రెండోరోజు వాడే విసుక్కున్నాడు.

ఆ రెండోరోజు పొద్దున, తీస్తా బజార్ ఇంకా కాస్త దూరం ఉందనగా, రోడ్డు పక్కన ఒకావిడ కమలాపళ్ళు అమ్ముతూ కనిపించింది. అరవై దాటి ఉంటాయి. ముందు ఒక వెదురు బుట్ట, దాని నిండా ఆకులతో సహా కోసిన పళ్ళు. బుట్ట అంచున ఒక వెదురు బద్ద విరిగితే నీలం ప్లాస్టిక్ దారంతో కట్టి ఉంది. దేనికైనా మరమ్మతు కనిపిస్తే నా కన్ను ముందు అక్కడికే పోతుంది.

రాజుకి బేరం రాదు. అడిగినంతా ఇచ్చి, పైగా నమస్కారం కూడా పెట్టి వస్తాడు. అందుకే నాన్న వాణ్ణి గల్లాపెట్టె దగ్గర కూర్చోనిచ్చేవాడు కాదు. కాబట్టి నేనే దిగాను.

"ఏం దీదీ, ఇవి కమలాలా, రాళ్ళా?" అన్నాను. సరుకుని తిట్టడం మొదటి మెట్టు.

"రాళ్ళయితే నువ్వెందుకు ఆగావు భాయి?" అంది ఆమె, హిందీ, బెంగాలీ, నేపాలీ కలిపిన భాషలో.

వెనక నుంచి రాజు గొణిగాడు. "అన్నియ్యా, ఊరుకో. ఆవిడేటడిగితే అదిచ్చీ."

నేను సగానికి అడిగాను. ఆమె కదల్లేదు. వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేశాను. వెనక్కి పిలవలేదు. నేనే తిరిగి వచ్చాను. కొట్టు మనిషికి అంతకంటే అవమానం లేదు. అప్పుడు మా బజారులో అందరూ వాడే పాత పరిహాసం తీశాను. చీర దగ్గర బేరం తెగనప్పుడు ఆడవాళ్ళు "మా ఆయన్ని ఉంచేసుకోండి" అంటారు చూడండి, అది. ఎదుటివాడు నవ్వితే ధర దిగుతుంది.

"సరే, మా తమ్ముణ్ణి ఉంచుకో. బుట్టంతా ఇచ్చెయ్."

ఆమె నవ్వలేదు. రాజుని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. పాత సైకిల్ కొనేముందు మా నాన్న చూసే చూపు అది.

"దగ్గుతున్నాడు," అంది.

"ఆ దగ్గు కొసరు వేసుకో."

నోరు ఊరుకోదు కదా. ఆమె ఒక్కసారి తల ఊపింది. "అయింది," అని బుట్టని నా చేతుల వైపు తోసింది. "పట్టుకో."

సరుకు ఎదుటివాడి చేతిలో పెడితే సగం బేరం అయినట్టే. ఆ కిటుకు నేను పదేళ్ళప్పుడే నేర్చుకున్నాను. చేతులు వెనక్కి పెట్టుకుని నవ్వేసి సైకిలెక్కాను.

కొంత దూరం పోయాక రాజు అన్నాడు. "ఏటన్నియ్యా, నన్నమ్మీసినావా ఏటి?"

"నిన్నెవడు కొంటాడ్రా, కొసరేసినా!"

మర్నాడు రంగీత్ నది పక్కనే మెల్లగా తొక్కి జోర్‌థాంగ్ చేరాం. బజారులో మూడు లాడ్జీలు చూసి, బేరం కుదరక, నాలుగో దాంట్లో దిగాం. అంటే ఎక్కడ దిగుతామో మాకే తెలియదు. వరండాలో ఆ బుట్ట ఉంది. నీలం దారం, ఆకులతో పళ్ళు. లాడ్జీ మనిషి "మీ సామానే కదా, పొద్దున్నుంచీ ఇక్కడే ఉంది," అన్నాడు.

రాజు చెయ్యి చాపితే కొట్టాను. మనవి కావు అన్నాను. పళ్ళన్నీ లాడ్జీవాళ్ళు పంచుకున్నారు. మా కళ్ళెదుటే ఆ బుట్టలో బంగాళాదుంపలు పోసుకున్నారు. ఎందుకైనా మంచిదని, ఎవరూ చూడకుండా, చక్రం ఊచలు బిగించే పానాతో బుట్ట పిడి కింద రెండు గీతలు గీశాను.

ఆ మరుసటి రోజు లెగ్‌షిప్‌లో టీ తాగడానికి ఆగాం. బల్ల మీద బుట్ట. నిండా పళ్ళు. పిడి కింద వేలు పెట్టి చూశాను. రెండు గీతలూ ఉన్నాయి.

టీకొట్టు ఆయన్ని అడిగితే ఎవరో జీపువాళ్ళు దింపి ఉంటారన్నాడు. అది జరగనిది కాదు. ఆ లోయల్లో జీపులు రోజంతా తిరుగుతాయి. సైకిళ్ళ మీద వెళ్ళే ఇద్దరు కలకత్తావాళ్ళని కనిపెట్టడం కష్టం కాదు. ఆ ముసలావిడకి నాకంటే ఎగతాళి ఎక్కువేమో అనుకున్నాను. కానీ బంగాళాదుంపలు తీసేసి మళ్ళీ పళ్ళు నింపిందెవరు? నేను టీ సగంలో వదిలేసి రాజుని లేవదీశాను.

అక్కడి నుంచి నాకు కుదురు లేదు. గేజింగ్ ఎక్కుడంతా సైకిళ్ళు తోసుకుంటూ రెండు రోజులు నడిచాం. వాణ్ణి ముందు నడిపించి వెనక నేను. ప్రతి మలుపులో వెనక్కి చూడటం, ప్రతి జీపునీ అనుమానించడం. చాలా అందమైన లోయలట. రాజు చెప్పాడు. విచిత్రం ఏమిటంటే వాడు రోజురోజుకీ బాగుపడుతున్నాడు. బుగ్గలు ఎర్రబడ్డాయి, దగ్గు తగ్గింది. నేను చిక్కిపోయాను.

సరస్సు దగ్గర ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాం. మధ్యాహ్నం. నేను సైకిళ్ళు కట్టేసేలోపు రాజు నీళ్ళ దగ్గరికి దిగిపోయాడు. చుట్టూ అడవి, మధ్యలో కదలని పచ్చటి నీళ్ళు, క్యాలెండర్ బొమ్మలో ఉన్నట్టే. నేను వెళ్ళేసరికి వాడు రాయి మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కమలాపండు తొక్క. పక్కన బుట్ట.

"ఎవరిచ్చార్రా?"

"ఇక్కడే ఉందన్నియ్యా. ఎన్నాళ్ళని ముట్టుకోకండా ఉంటాం? తియ్యగున్నాయి, తిను."

సాయంత్రంలోపే వణుకు మొదలైంది. మర్నాడంతా జ్వరం. ఛాతీలో వానాకాలం నాటి ఆ గరగర మళ్ళీ వినిపించింది. ఇది గుర్తుపెట్టుకోండి: ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను వాడి మంచం పక్కనుంచి లేవలేదు. మధ్యాహ్నం గంజి తాగించింది నేనే. వాడు లేచి గుమ్మం దాకా కూడా వెళ్ళే స్థితిలో లేడు.

ఆ మర్నాడు తెల్లారగానే వాణ్ణి ఇంటావిడకి అప్పగించి జీపులో గేజింగ్ వెళ్ళి మందులు కొన్నాను. అదే జీపులో తిరిగి వెళ్ళాలి. బుద్ధున్నవాడు ఎవడైనా అదే చేస్తాడు. నేను మందుల పొట్లం డ్రైవరు చేతికిచ్చి పైకి పంపి, కిందికి వెళ్ళే జీపెక్కాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి. కానీ ఆవిడ పండు తిన్నామంటే నేనన్న బేరం ఒప్పుకున్నట్టే, మా బజారులో నోటి మాటకి ఒక పద్ధతుంది. మాట అన్నవాడే, అన్నచోటే, విన్నవాళ్ళ ముందే వెనక్కి తీసుకోవాలి. మధ్యవర్తిని పంపితే చెల్లదు. అమ్మకి ఏం మొహం చూపించాలి అన్నదొక్కటే దారంతా బుర్రలో తిరిగింది.

మధ్యాహ్నం దాటాక తీస్తా ఒడ్డున దిగాను. ఆమె అక్కడే ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఆలస్యం చేశావు భాయి."

చేతులు జోడించాను. నా బతుకులో ఏ బేరమూ అలా మొదలుపెట్టలేదు. "దీదీ, ఆ రోజు ఎగతాళికి అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీకేం కావాలో చెప్పు, ఇస్తాను. సగానికి అడగను."

"నువ్వేం తీసుకుంటావు? నిన్న మధ్యాహ్నం నీ తమ్ముడే వచ్చి బేరం తెంపుకుని వెళ్ళాడుగా."

నిన్న మధ్యాహ్నం వాడు నా చేతి గంజి తాగాడని చెప్పాను. సైకిల్ మీద వచ్చాడంది. ఆకుపచ్చ టోపీ అంది. పక్కనున్న రాయి చూపించి, అక్కడే కూర్చున్నాడంది. దగ్గలేదంది.

"నీకంటే బాగా ఆడతాడు బేరం. నువ్వు నోటితో ఆడతావు. అతను ఊరికే కూర్చుని ఆడాడు. చివరికి నేనే దిగాను."

"ఏమిచ్చాడు?"

"ఇచ్చినవాణ్ణి అడుగు."

ఎన్ని రకాలుగా అడిగినా అంతకు మించి చెప్పలేదు. ఆమె వెనక ఒక ఖాళీ బుట్ట బోర్లించి ఉంది. విరిగిన బద్దకి నీలం దారం. వెళ్ళి తిరగేసి చూశాను. నా గీతలు రెండూ ఉన్నాయి. ఆ బుట్టని ఆ పొద్దున్నే సరస్సు దగ్గర, మా గది బయట, నిండా పళ్ళతో చూసి బయల్దేరాను నేను.

మర్నాడు పైకి చేరేసరికి రాజు మెట్టు మీద ఎండలో కూర్చుని, ఇంకో రొట్టె కావాలని ఇంటావిడతో పోట్లాడుతున్నాడు. నేను బయల్దేరిన కాసేపటికే జ్వరం దిగిపోయిందట. మందుల పొట్లం విప్పనే లేదు. గది బయట బుట్ట లేదు. నేనే పట్టుకెళ్ళాననుకుందట ఇంటావిడ.

రాజుకి జరిగిందంతా చెప్పి, నిజం చెప్పమన్నాను. జ్వరంలో కలేమైనా వచ్చిందా, ఆవిడెవరైనా కనిపించిందా అని అడిగాను. వాడు పగలబడి నవ్వాడు.

"నానా? బేరవా? నాకెప్పుడొచ్చిందన్నియ్యా బేరం!"

అంత గట్టిగా నవ్వితే వాడికి దగ్గు తెర రావాలి. దాని కోసం ఎదురుచూశాను. రాలేదు.

ఇంటికొచ్చాక అమ్మ వాడి చెంపలు తడిమి, "నా కొడుకు తేరుకున్నాడు," అని మురిసిపోయింది. ఆ పూట నా కంచంలో కూడా రెండో గరిటె నెయ్యి పడింది.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. రాజుకి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. వాడి ఊపిరితిత్తులు ఇప్పుడు నా వాటికంటే బాగున్నాయని డాక్టరే అన్నాడు. నేను నాకు చెప్పుకోని సమాధానం లేదు. నయమవుతున్న మనిషి నయమయ్యాడు. కొండ జ్వరం వచ్చింది, పోయింది. ఆవిడ చూసింది ఇంకెవణ్ణో అయి ఉంటుంది, చలికాలంలో ఆ రోడ్డు మీద మంకీ క్యాప్‌లకి కొదవేముంది? గీతలు గీసిన బుట్ట దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా దగ్గర ఏ సమాధానమూ లేదు.

అది కూడా పక్కన పెడతాను. నన్ను నిలవనివ్వనిది ఇంకొకటి. గల్లాపెట్టె వెనక పెరిగినవాణ్ణి, తెగిన బేరాన్ని ఎవరూ ఊరికే వదులుకోరని నాకు తెలుసు. వాడు ఏదో ఇచ్చాడు. అద్దెకిచ్చిన సైకిల్ తిరిగొస్తే బెల్లు, బ్రేకు, గొలుసు చూసుకున్నట్టు, ఇన్నేళ్ళుగా వాణ్ణి చూసుకుంటూనే ఉన్నాను. నవ్వు అదే. నిద్ర అదే. మతిమరుపు కూడా అదే. వాడి దగ్గర ఏదీ తగ్గలేదు.

అందుకే ఈమధ్య మిగతావాళ్ళని చూడటం మొదలుపెట్టాను. అమ్మని, వాడి పిల్లల్ని, అద్దంలో నన్ను. వాడు ఏమిచ్చాడో నాకు తెలియదు. ఎవరిది ఇచ్చాడో అంతకంటే తెలియదు.