చీటీ ఉంటేనే ఇయ్యుండ్రి

తొంభైల నడుమ ఒకసారి నా గిన్నెల దుకాణానికి సరుకు కోసం హైదరాబాదు పోయినప్పుడు, టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ ఒకటి కొన్నాను. అమ్మేవాడు మూడు క్యాసెట్లతో కలిపి ధర చెప్పాడు. దుకాణాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, చెప్పిన ధరకు కొంటే నాకు అన్నం సహించదు. మూడుసార్లు మెట్లు దిగి, మూడుసార్లు వెనక్కి పిలిపించుకున్నాను. చివరికి రెండు క్యాసెట్లు తీసేయించి సగానికి తెచ్చాను. మిగిలినదాని మీద తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని రాసి ఉంది. ఇంకేం కావాలి?

మా ఊరు ఆత్మకూరు వచ్చి పెట్టి చూస్తే ఉన్నవి ఏడు. ఎనిమిదోది మొదటి ఆటే, రంగు మార్చుకుని వచ్చింది.

"బాపు, నిన్ను మంచిగ మోసం చేసిండు పో!" అని పదేళ్ల నా బిడ్డ పకపకా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఇంకో క్యాసెట్ కొనిమ్మని అడిగినప్పుడల్లా, ముందు ఆ తొమ్మిది వందలూ ఆడెయ్యమన్నాను.

మా బజారులో ఒక పద్ధతి ఉండేది. దుకాణదారు పిల్లలు ఏ దుకాణానికి పోయి "బాపు ఇమ్మన్నడు" అన్నా, మారు మాట లేకుండా ఇచ్చేవాళ్లు. అమావాస్యకు పెద్దలు లెక్క చూసుకునేవాళ్లు. చిన్నప్పుడు నేనూ ఆ ఒక్క మాట మీద బెల్లం నుంచి బనీను దాకా తెచ్చినవాణ్ణే. ఆ మాటలో అబద్ధం కలపొచ్చని నాకు తోచలేదు. నా బిడ్డకు తోచింది.

మా ఎదురు వరుసలో గడియారాలు బాగుచేసే చాచా ఆ క్యాసెట్లు కూడా అమ్మేవాడు. అమావాస్య నాడు నాలుగు క్యాసెట్లకు పైసలు అడిగాడు.

"ఎవలకిచ్చినవ్ చాచా?"

"నీ బిడ్డకే. బాపు ఇమ్మన్నడన్నది. ఇయ్యకపోతే నువ్వే నాతోని లడాయికి వస్తుంటివి."

బిడ్డను పిలిపించాను. తల వంచుకుని, "నువ్వు కొనియ్యవని..." అని ఆగిపోయింది. ఆమె ముందే చాచాతో బేరమాడి నాలుగూ వాపసు తీసుకునేలా చేశాను. అంతటితో ఆగితే బాగుండేది. ఆమెను చెయ్యి పట్టుకుని కిరాణా, బట్టలు, మందులు, వరసగా అన్ని దుకాణాలకూ తిప్పాను.

"ఇగ నుంచి ఈ పిల్ల మాట మీద ఏం ఇయ్యకుండ్రి. నా సంతకమున్న చీటీ ఉంటేనే ఇయ్యుండ్రి."

"గింత పిల్లకు గింత పంచాయితీ ఏందన్నా? ఇంట్ల రెండు మాటలని ఇడిసిపెట్టరాదా?" అన్నాడు బట్టల దుకాణం ఆయన.

నేను వినలేదు. నా చేతిలో ఆమె చెయ్యి చెమటతో జారిపోతోంది. నేనేమో పెద్ద తాళం కనిపెట్టినవాడిలా ఇంటికి నడిచాను.

నెల తిరగకముందే, నేను మహబూబ్‌నగర్‌లో సరుకు బేరంలో ఉండగా మా అమ్మకు దమ్ము లేచి ఊపిరాడలేదు. ఇంట్లో చిల్లర కూడా లేదు. గల్లా తాళంచెవి నా జేబులో ఉంది. నా భార్య బిడ్డను మందుల దుకాణానికి ఉరికించింది.

"చీటీ ఏది బిడ్డా?" అని అడిగాడట దుకాణదారు.

"అవ్వకు దమ్ము లేచింది, ఒట్టు" అందట నా బిడ్డ.

ఒట్టు పెట్టేకొద్దీ ఆయనకు అనుమానం పెరిగింది. బిడ్డ ఆ మెట్ల మీద ఏడుస్తూ కూర్చుంటే, చూసి చాచా వచ్చాడట.

"నా మాట మీద ఇయ్యి" అన్నాడట.

ఎవరిని మోసం చేసిందని నేను ఊరంతా చాటానో, ఆయనే ఆమెను నమ్మాడు. మా అమ్మ బతికింది. నేను మాత్రం తిరిగి వచ్చి మందుల దుకాణం మీదికి పోయాను.

"మందులకు గూడ చీటీ అడుగుతరా?"

"మందులకు వద్దని నువ్వు జెప్పలే కదన్నా."

మళ్లీ దుకాణం దుకాణం తిరిగి, ఇక చీటీ అక్కర్లేదన్నాను. అందరూ సరేనన్నారు. ఒప్పుకోనిది నా బిడ్డ ఒక్కతే. మర్నాడు బడికి పోయేముందు గల్లా దగ్గర నిలబడి ఒక కాగితం ముందుకు నెట్టింది. "పెన్సిలు, ఒకటి" అని రాసి, కింద నా పేరు రాసి, సంతకానికి జాగా వదిలింది.

"చీటీ ఎందుకు బిడ్డా? పోయి తెచ్చుకో."

"సంతకం పెట్టు బాపు" అంది, నా మొహం చూడకుండా.

పెట్టాను. పదో తరగతి అయ్యేదాకా పెడుతూనే ఉన్నాను.