నా కాళ్లకు పళ్లున్నాయా?

మా ఆయన పోయాక చిక్కడపల్లి నుంచి రోజూ బస్సులో గోల్ఫ్ మైదానానికి గడ్డి పనికి వెళ్లేదాన్ని. బంతి పడే గుంత చుట్టూ నున్నటి గడ్డి ఉంటుంది. దాని మీదికి మేము చెప్పులు విడిచే వెళ్లాలి.

ఒకరోజు ఆడటానికి వచ్చిన ఒక పెద్దమనిషి బంతి వంకర పోయింది. గడ్డి గీరుకుపోయిందని సూపర్‌వైజర్ మీద అరిచాడు. సూపర్‌వైజర్ నన్ను పట్టుకున్నాడు.

"ఏంది యాదమ్మా, కొడవలితోని గీకినవా? రేపటి సంది రాకు!"

నాకు ఆ పని తప్ప ఆధారం లేదు. "సార్ బూట్లతోని అయిందేమో" అన్నాను.

"బూట్ల కింద ఇనుప మేకులుండే కాలం పోయింది. ఇవి ప్లాస్టిక్ పళ్లు, గడ్డికేం కాదు. నీకేం తెలుసు?" అని నవ్వి, పెద్దమనిషి మడమ మీద గిర్రున తిరిగాడు. బూటు కింద గడ్డి మళ్లీ అట్లాగే లేచి వచ్చింది.

"జర కిందికి చూడుండ్రి సార్. గిప్పుడు గీకింది ఎవరు? నా కాళ్లకు పళ్లున్నయా?" అని వట్టి పాదం ఎత్తి చూపించాను.

సూపర్‌వైజర్ తల దించుకుని, "పో, పని చూసుకో" అన్నాడు. పెద్దమనిషి ఆ గడ్డి మీదే కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. చెడిన గడ్డిని నేనే మోకాళ్ల మీద కూర్చుని ఒత్తాను.

అంత ఖరీదైన బూట్లు తొడుక్కున్నాడు గానీ పాదం ఎత్తి నడవడం రాదు. మా మనవరాలు రెండేళ్లకే నేర్చుకుంది.