పన్ను బాధలున్నోళ్ళు

నా చిన్నప్పుడు జరిగినవాటిలో తేదీ దొరకనిది నాకు ఇదొక్కటే. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, బోరు వేయించిన రోజులు అన్నీ మా ఇంట్లో రాసిపెట్టేవాళ్ళు. దీనికి మాత్రం ఆనవాళ్ళు పట్టుకుని లెక్క కట్టుకోవాలి. కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి కాబట్టి మాఘమో ఫాల్గుణమో. నా ముందు పన్ను కదులుతోంది కాబట్టి నాకు ఆరు నిండి ఉంటాయి. అంతకంటే కచ్చితంగా చెప్పలేను.

మాది బొల్లాపల్లి వైపు మెట్ట ఊరు. అప్పుడు మా నాయనమ్మకు దవడ పన్ను పుచ్చి బుగ్గ బూరెలా పొంగింది. లవంగం నూరి పెట్టింది, పొగాకు కాడ దోపుకుంది, ఏదీ పని చేయలేదు. జొన్నరొట్టె మాని గంజినీళ్ళకు దిగింది. చివరికి జ్వరం కూడా తగులుకుంది. ఆసుపత్రికి పోవాలంటే నరసరావుపేట పోవాలి, ఊరికి వచ్చేది ఒకటే బస్సు. మిరపకోతలు వదిలేసి పంటికోసం పట్నం ఎవరు పోతారని ఆవిడే అనేది. పక్కలో పడుకున్న నేను ఆ మూలుగు వింటూ, నాయనమ్మ చచ్చిపోతుందేమోనని ఆవిడ కొంగు పట్టుకుని నిద్రపోయేదాన్ని.

ఒక సాయంత్రం తలారి డప్పు వేశాడు.

"రేపు పొద్దున బడికాడికి సర్కారువారి జీపొస్తందహో! పన్ను బాధలున్నోళ్ళందరూ రావాలహో!"

ఊరంతా ఒక్కసారిగా గుసగుసలు. తెల్లదొరలు అడవి మేతకు వేసిన పుల్లరి పన్ను కట్టం పొమ్మన్న పెద్దల కథలు వింటూ పెరిగిన ఊరు మాది. ఆ ఏడు పంట సరిగా రాక చాలామంది ఇంటిపన్ను బాకీ పడ్డారు. మా తాతయ్య ఇత్తడి బిందెలు గడ్డివామిలో దూర్చి, నాయనమ్మను దాని పక్కనే కాపలా కూర్చోబెట్టాడు. పన్ను కట్టకపోతే బిందెలు ఎత్తుకుపోతారని నాతో అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. పన్నంటే నాకు తెలిసింది నోట్లో ఉండేదే. అది సర్కారుకెందుకు? దానికీ మా బిందెలకీ సంబంధం ఏమిటి? నాయనమ్మది ఇద్దామంటే చెయ్యి వేస్తేనే కేక పెడుతుంది. నాది ఎటూ ఊడేదే. చాలాసేపు ఆలోచించి, మా ఇంటి పన్ను నేనే కట్టేద్దామని మర్నాడు బడికి బయలుదేరాను. దారి పొడవునా తలుపులన్నీ మూసి ఉన్నాయి.

బడిలో మేస్టారి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. దాని వెనక ఒక డాక్టరమ్మ ఒంటరిగా కూర్చుని ఉంది. డ్రైవరు అప్పటికే పెట్టెలు జీపులో సర్దుతున్నాడు.

"మా ఇంటి పన్ను నేను కడతానండీ. మా బిందెలు తీసుకుపోమాకండి" అని నోరు తెరిచాను.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. బిందెల మాట ఎవరు చెప్పారని అడిగింది. చెప్పాను. లేచి గుమ్మంలోకి వెళ్ళి, మూసి ఉన్న తలుపుల వంక అటూ ఇటూ చూసింది. వెనక్కి వచ్చి దూదితో నా పన్ను పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది, వచ్చేసింది. ఆ చోట దూది పెట్టి, పన్ను కడిగి నా అరచేతిలో పెట్టింది.

"మేం తీసేది ఇదే, దీనికి డబ్బులేమీ అక్కర్లేదు. ఇంటికెళ్ళి నోరు తెరిచి చూపించు" అంది.

కట్టిన పన్ను తిరిగి ఇచ్చేసిందేమిటో తెలియక మరింత గందరగోళపడి ఇంటికి పరుగెత్తాను.

"ఏమే, నోట్లో నెత్తురేందే? ఎవుడు కొట్టాడే?" అని నాయనమ్మ వామి దగ్గర నుంచి లేచింది. దూది పెట్టిన నోరు తెరిచాను, గుప్పిట కూడా తెరిచాను. తాతయ్య వంగి చూశాడు.

"పన్నంటే... ఈ పన్నా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నేను దవడ పట్టుకుని ఏడుస్తంటే నీకు పంచాయితీ పన్ను గుర్తొచ్చిందా?"

"బిందెలు దాయమంది నువ్వేగదే!"

వాళ్ళు ఇంకా తగువులాడుకునేవాళ్ళే. ఇంతలో జీపు చప్పుడైంది. మా తాతయ్య అంత వేగంగా పరుగెత్తడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. వీధి మధ్యన జీపుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"ఆగండయ్యా! మా ఇంట్లో పన్నుంది! పన్నుంది!"

"ముసలాడికి మతిపోయిందిరోయ్" అని తలుపు సందుల్లోంచి ఎవరో అన్నారు. ఆ మతి పోయినవాడిని చూడడానికే ముందు నలుగురు బయటికొచ్చారు. సంగతి తెలిశాక ఒక్కొక్కరూ దవడలు పట్టుకుని బడి దారి పట్టారు. నాయనమ్మ పైటతో బుగ్గ కప్పుకుని, నా వేలు పట్టుకుని వెళ్ళింది. డాక్టరమ్మ పన్ను తీసి చీము కార్చి మందులిచ్చింది. ఆ రాత్రి నాయనమ్మ మూలగలేదు. మూలుగు వినబడనందుకు నేను భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

కొన్నాళ్ళకు అసలు పన్ను గుమస్తా వచ్చాడు. నేను ఎదురెళ్ళి, మాది కట్టేశామని నోరు తెరిచి చూపించాను. పాపం, అతనికీ అర్థం కాలేదు.

ఊరు పొరపాటు పడిందని అప్పుడు అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం పెద్దయ్యాక ఇంకో లెక్క తోచింది. సర్కారు అంతకుముందు మా ఊరికి ఆ పన్ను కోసం తప్ప ఈ పన్ను కోసం ఏనాడూ రాలేదు. అలాంటప్పుడు మావాళ్ళకు ఏ పన్ను వినబడుతుంది?

ఇప్పుడు నేను నరసరావుపేటలో ఉంటున్నాను. మొన్న మా వీధిలో మైకు ఆటో తిరిగింది, ఉచిత దంత వైద్య శిబిరం అంటూ. మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి బుగ్గ నాలుగు రోజులుగా వాచి ఉంది. అయినా గిన్నెలు తోముతూనే ఉంది.

"విన్నావా?" అన్నాను.

"విన్నా మామ్మగారూ. ఏ పార్టీవోళ్ళ క్యాంపో! ఎల్తే ఒక గొడవ, ఎల్లకపోతే ఒక గొడవ."

నేను నోరు తెరిచి, మిగిలి ఉన్న నా పంటి మీద వేలు పెట్టి చూపించాను. ఆ అమ్మాయి తెల్లబోయి చూసింది. కాసేపటికి సబ్బు నురగ చెయ్యి దానంతటదే వాచిన దవడ మీదికి వెళ్ళింది.